జనవరిలో బతికి ఏప్రిల్‌లో చచ్చిపోయే చెట్లు

(ఉపన్యాసానికి రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తోందా? సరే.

నన్ను జనం తరచూ అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతాను. "ఫలానా చెట్టు ఎంత చలికి తట్టుకుంటుందండీ?" ఒక అంకె చెప్పమంటారు. నర్సరీల పట్టికల్లో కూడా చెట్టు పేరు పక్కన ఒక అంకె ఉంటుంది. అంకె చెప్పొచ్చు, కష్టమేం కాదు. కానీ ఆ ప్రశ్నలో ఒక మాట తక్కువైంది. ఏ నెలలో? అది చెప్పకుండా అడిగితే నేను చెప్పే అంకెకు అర్థం ఉండదు.

ఆపిల్ చెట్టు తీసుకోండి. నడి చలికాలంలో మైనస్ 30 డిగ్రీలకు దిగినా చాలా ఆపిల్ రకాల కొమ్మలు బతికి బయటపడతాయి. అదే చెట్టు విరగబూసిన రోజున మైనస్ 2.2 డిగ్రీల చలిలో అరగంట ఉంటే పదింట ఒక పువ్వు పోతుంది. మైనస్ 3.9కి దిగితే పదింట తొమ్మిది పోతాయి. వేళ్లు అవే, జన్యువులు అవే, తోట అదే. మధ్యలో మూడు నెలలు గడిచాయి, అంతే. మైనస్ 30కి చెక్కుచెదరనిది మైనస్ 4కి ఎందుకు ఓడిపోయింది? ఈ పూట మాట్లాడేదంతా దీని గురించే.

ముందు చెట్టు పరిస్థితి ఏమిటో చూద్దాం. చలి వస్తే పక్షులు వలస పోతాయి. ఎలుగుబంటి గుహలో దూరుతుంది. మనం ఒంట్లో వేడి పుట్టించుకుంటాం. చెట్టుకు ఈ దారులేవీ లేవు. గాలి మైనస్ 50 ఉంటే సన్న కొమ్మ కూడా మైనస్ 50. "బెరడు అంత మందంగా ఉంది కదా, లోపల వెచ్చగా ఉండదా?" అని అడుగుతారు. ఉండదండీ. చల్లబడటాన్ని బెరడు కాసేపు ఆలస్యం చేస్తుంది. రోజుల తరబడి చలి సాగితే మాను లోపల కూడా బయట ఎంతో అంతే.

తూర్పు సైబీరియాలో ఒయ్‌మ్యాకోన్ అనే ఊరుంది. 1933లో అక్కడ మైనస్ 67.7 డిగ్రీలు నమోదైంది. అక్కడ చెట్లు ఉండవనుకుంటాం. చుట్టూ అడవే! లార్చ్ చెట్ల అడవి. పైన్‌కీ స్ప్రూస్‌కీ చుట్టం ఇది, ఆకులు సూదుల్లాగే ఉంటాయి. కానీ ఆ చుట్టాల్లా కాకుండా చలికాలం ముందు ఆ సూదులన్నీ రాల్చేస్తుంది. సైబీరియా ఉత్తర కొసన తైమీర్ ద్వీపకల్పంలో అరీ-మాస్ అనేచోట ఈ లార్చ్‌లే 72 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి కూడా అడవిగా నిలబడ్డాయి. ఆ చెట్లు ఆ చలి నుంచి తప్పించుకోవడం లేదు. లోపలా బయటా అంతే చల్లబడి బతుకుతున్నాయి.

మరి చల్లబడితే చంపేది ఏమిటి? చలిదేశపు చెట్టును చలి చంపదు, ఐసు చంపుతుంది. అది కూడా ఐసు ఎక్కడ పుట్టిందన్నదాన్ని బట్టి. బడిలో మనమంతా ఏం చదివాం? నీరు గడ్డకడితే ఉబ్బుతుంది, కణాలు పగిలిపోతాయి, మొక్క చస్తుంది. వినడానికి బాగుంది. చాలావరకు జరిగేది అది కాదు.

ఒక టమాటాను ఫ్రీజర్‌లో పెట్టి మర్నాడు బయటికి తీయండి. కరిగాక మెత్తబడి నీళ్లు కారుతుంది. అక్కడ అసలు పాడైంది కణం గోడ కాదు. గోడకు లోపల ఉండే పలచటి పొర, కణత్వచం అంటాం, అది చెడిపోయింది. లోపలి నీటిని అది ఇక పట్టి ఉంచలేదు.

చెట్టులో ఐసు మొదట పుట్టేది కణం బయట. కణాల మధ్య ఖాళీల్లో, కణం గోడల్లో, వేళ్ల నుంచి నీళ్లు ఎక్కే గొట్టాల్లో. అక్కడి నీరు పలచన. కణం లోపలి నీటిలో చక్కెరలు, లవణాలు ఉంటాయి కాబట్టి అది అంత తొందరగా గడ్డకట్టదు. ఇప్పుడు చూడండి ఏం జరుగుతుందో. బయట పుట్టిన ఐసు లోపలి నీటిని తన వైపు లాగుతుంది. నీరు కణత్వచం దాటి బయటికి వచ్చి ఐసుకు అంటుకుంటుంది. కణం ముడుచుకుపోతుంది. చలి పెరిగిన కొద్దీ ఇంకా లాగుతుంది. మైనస్ 10 వచ్చేసరికి కణం తన నీటిలో చాలా భాగాన్ని పోగొట్టుకుంటుంది. అంటే చుట్టూ నీళ్లే, కానీ ఐసు రూపంలో. లోపల మాత్రం కరువు. గడ్డకట్టే చలిలో కణం ఎదుర్కొనేది ఎండిపోవడాన్ని. ఎండిన విత్తనంలో డీహైడ్రిన్లు అనే ప్రొటీన్లు పేరుకుంటాయి. చలికాలపు కొమ్మలోనూ అవే పేరుకుంటాయి. రెండింటికీ వచ్చిన కష్టం ఒకటే మరి.

కణం ఇలా ఎండి కూడా బతకగలిగితే ఆ చెట్టు చలిని తట్టుకున్నట్టు. ఎండటం తట్టుకోలేక కణత్వచం దెబ్బతిన్నా, లేదా చలి మరీ హఠాత్తుగా వచ్చి నీరు బయటికి పోయే వ్యవధి లేక కణం లోపలే ఐసు పుట్టినా, ఆ కణం పని అయిపోయినట్టే. లోపల ఐసు పుట్టాక బతికి బట్టకట్టిన కణం దాదాపు ఉండదు.

ఇంకో సంగతి. నీరు సున్నా దగ్గర గడ్డకట్టి తీరాలని లేదు. ఐసు మొదలవడానికి ఒక ఆధారం కావాలి, ఒక నలుసు లాంటిది. అది దొరక్కపోతే నీరు సున్నా కింద కూడా నీరుగానే ఉంటుంది. దాన్ని సూపర్ కూలింగ్ అంటారు. ఆకుల మీద ఆ ఆధారం ఇచ్చేవాళ్లలో బ్యాక్టీరియా ఒకటి, సూడోమోనాస్ సిరింజే. దాని ఒంటి మీద ఉండే ప్రొటీను నీటి అణువులను ఐసు వరుసలో నిలబెడుతుంది, మైనస్ 2 దగ్గరే గడ్డకట్టిస్తుంది. అది లేకపోతే అదే ఆకు మరికొన్ని డిగ్రీలు ఓర్చుకునేది. ఆ ప్రొటీను లేని బ్యాక్టీరియాను తయారుచేసి 1987లో కాలిఫోర్నియాలో పొలంలో చల్లి చూశారు. జన్యువులు మార్చిన సూక్ష్మజీవిని అనుమతితో బయట వదలడం అదే మొదలు, పెద్ద గొడవైంది. అది వేరే ఉపన్యాసం, వదిలేద్దాం.

సూపర్ కూలింగ్‌ని కొన్ని చెట్లు బతుకుదెరువుగా చేసుకున్నాయి. ఓక్, యాష్, ఆపిల్, ఇలాంటి చాలా చెట్ల చెక్కలో కొన్ని సజీవ కణాలు ఉంటాయి. వాటి గోడలు ఐసును లోపలికి రానివ్వవు, లోపలి నీటిని సులువుగా బయటికి పోనివ్వవు. అక్కడ నీరు మైనస్ 20, మైనస్ 30లో కూడా ద్రవంగానే ఉంటుంది. ఎంతవరకు? సుమారు మైనస్ 40 దాకా. ఆ దరిదాపుల్లో నీటికి ఇక ఏ ఆధారమూ అక్కర్లేదు, దానంతటదే గడ్డకడుతుంది. ఇది చెట్టు చేతిలో లేని విషయం, నీటి స్వభావం. అందుకే ఉత్తర అమెరికాలో ఈ పద్ధతి నమ్ముకున్న చాలా జాతుల ఉత్తరపు హద్దు, మైనస్ 40 చలి పడే ప్రాంతాల దగ్గర ఆగిపోతుంది. అడవికి గీత గీసినట్టు. నాకైతే వృక్షశాస్త్రంలో ఇంత ముచ్చటైన విషయం ఇంకోటి లేదు.

ఆ గీతకు ఉత్తరాన ఉన్నవి ఎవరు? బిర్చ్, విల్లో, ఆస్పెన్, లార్చ్. ఇవి సూపర్ కూలింగ్ మీద ఆధారపడవు. ఐసుని బయట పుట్టనిస్తాయి, నీరంతా బయటికి పంపేస్తాయి, ఎండిన స్థితిలో ఉండిపోతాయి. వీటి ఓర్పుకు కింది హద్దు ఎక్కడ? 1960లో హొక్కైడో విశ్వవిద్యాలయానికి చెందిన అకీరా సకాయ్ చేసిన ప్రయోగం చెబుతాను. చలికాలపు విల్లో, పోప్లర్ కొమ్మలను తీసుకున్నాడు. నెమ్మదిగా మైనస్ 30 ప్రాంతానికి చల్లబరిచాడు. తర్వాత ద్రవ నైట్రోజన్‌లో ముంచాడు. మైనస్ 196 డిగ్రీలు! బయటికి తీసి కరగనిస్తే అవి బతికే ఉన్నాయి. భూమ్మీద అంత చలి ఎక్కడా లేదు. ఎలా సాధ్యమైంది? మైనస్ 30కి వచ్చేసరికే గడ్డకట్టగల నీరు బయటికి పోయింది. లోపల మిగిలింది చిక్కటి చక్కెర ద్రావణం. అది ఇంకా చల్లబడితే స్ఫటికాలు కట్టకుండా గాజులా బిగుసుకుపోతుంది. ఆ తర్వాత మైనస్ 60 అయినా, మైనస్ 196 అయినా దానికి ఒకటే.

ఇక్కడ ఒక్క నిమిషం. ఈ ప్రయోగం చెప్పగానే "విల్లో మైనస్ 196కి తట్టుకుంటుంది" అని రాసుకోకండి. అదే విల్లో కొమ్మను జులైలో కోసి మైనస్ 5లో పెట్టండి, చచ్చిపోతుంది. నెమ్మదిగా చల్లబరచకుండా చలికాలపు కొమ్మనే తిన్నగా నైట్రోజన్‌లో వేయండి, అదీ చచ్చిపోతుంది. నెల తప్పినా చావే, వేగం తప్పినా చావే. నేను మొదట చెప్పిన తక్కువైన మాట ఇదే.

మరి జులై కొమ్మ జనవరి కొమ్మగా ఎలా మారుతుంది? చలి తగిలాక మారుతుందని అనుకుంటాం. అలాగైతే ఆలస్యమైపోతుంది. చలి రాకముందే మొదలవ్వాలి. చెట్టుకు ఎలా తెలుస్తుంది? రాత్రి పొడవును బట్టి. ఉష్ణోగ్రత ఏటికేడు మోసం చేస్తుంది, పగటి పొడవు చేయదు. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఉంటుంది, అది వెలుగునూ చీకటినీ పసిగడుతుంది. రాత్రులు ఒక హద్దు దాటి పెరగ్గానే ఎదుగుదల ఆగిపోతుంది, కొనమొగ్గ పొలుసులతో మూసుకుంటుంది. అప్పటికి బయట ఇంకా వెచ్చగానే ఉండొచ్చు. ఇది మొదటి దశ, దీంతో కొన్ని డిగ్రీల ఓర్పు వస్తుంది. రెండో దశకు చలి కావాలి. సున్నా చుట్టుపక్కల చలి, ఆ తర్వాత తేలికపాటి మంచు. అప్పుడు పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది, సుక్రోజు, రాఫినోజు లాంటివి. కణత్వచంలోని కొవ్వులు మారి, చల్లబడినా అది బిరుసెక్కకుండా ఉంటుంది. డీహైడ్రిన్లు పేరుకుంటాయి. వారాల పని ఇదంతా. ఈ దశలను 1970లో వైజర్ అనే శాస్త్రవేత్త వివరంగా రాశారు, ఇప్పటికీ దాని మీదే చదువు సాగుతోంది.

ఈ లెక్కలో రెండు చిక్కులు. ఒకటి, వీధి దీపాలు. దీపం పక్కనే ఉన్న కొమ్మలు శరత్కాలం చివరిదాకా ఆకులు నిలుపుకోవడం మీరు చలిదేశాల్లో చూడొచ్చు. వాటికి రాత్రి పొడవు తప్పుగా అందుతోంది. తొలి మంచు పడ్డప్పుడు ఆ కొమ్మలే ముందు దెబ్బతింటాయి. రెండోది, విత్తనం ఎక్కడిదన్నది. ఒకే స్కాట్స్ పైన్ జాతిలో దక్షిణపు విత్తనాన్ని ఉత్తరాన నాటితే, అది తన పాత ఊరి రాత్రుల కోసం ఎదురుచూస్తూ ఆలస్యంగా ఎదుగుదల ఆపుతుంది. ఈలోపు మంచు వచ్చేస్తుంది. అందుకే అడవులు పెంచేవాళ్లు జాతి పేరుతో సరిపెట్టుకోరు. విత్తనం ఏ అక్షాంశం నుంచి తెచ్చారని అడుగుతారు.

కణాల సంగతి అయింది. గొట్టాలు మిగిలాయి, కొంచెం తొందరగా చెబుతాను. నీటిలో గాలి కరిగి ఉంటుంది, ఐసులో ఇమడదు. గొట్టంలో నీరు గడ్డకట్టినప్పుడు గాలి బుడగలుగా విడిపోతుంది. కరిగాక చిన్న బుడగ నీటిలో కలిసిపోతుంది, పెద్ద బుడగ సాగి గొట్టాన్ని మూసేస్తుంది. గొట్టం వెడల్పు సుమారు 0.04 మిల్లీమీటరు దాటితే ప్రమాదం ఎక్కువ. పైన్, స్ప్రూస్ గొట్టాలు దానికంటే సన్నం కాబట్టి వాటికి దిగులు లేదు. ఓక్ వసంతపు గొట్టాలు పావు మిల్లీమీటరు దాకా ఉంటాయి. ఒక్కసారి గట్టిగా గడ్డకడితే అన్నీ మూసుకుపోతాయి! మరి ఓక్ ఏం చేస్తుంది? ఏటా కొత్త గొట్టాలు వేసుకుంటుంది. పక్క చెట్లన్నీ చిగిర్చినా ఓక్ ఇంకా మోడుగా ఎందుకు నిలబడిందో ఇప్పుడు అర్థమైందా? పైపుల పని కావాలి ముందు. బిర్చ్ దారి వేరు. వసంతంలో వేళ్ల నుంచి ఒత్తిడితో నీరెక్కించి బుడగలను నెట్టేస్తుంది.

ఇప్పుడు అసలైన చోటికి వస్తున్నాం. ఓర్పు సంపాదించడానికి వారాలు పట్టిందన్నాను. పోగొట్టుకోవడానికి? కొన్ని వెచ్చటి రోజులు చాలు.

దీనికి చెట్టు దగ్గర ఒక కాపలా ఉంది. నడి చలికాలంలో రెండు రోజులు ఎండ కాస్తే మొగ్గ విచ్చుకోదు. ఎందుకంటే అది కొంత చలి లెక్క పూర్తి చేయాలి. చాలా ఆపిల్ రకాలకు 0 నుంచి 7 డిగ్రీల మధ్య దాదాపు వెయ్యి గంటలు కావాలి. ఆ లెక్క పూర్తయ్యేదాకా మొగ్గ నిద్ర లేవదు. లెక్క పూర్తయ్యాక మాత్రం కాపలా లేదు. ఆ తర్వాత వెచ్చగా ఉంటే చాలు, లేస్తుంది.

నిమ్మ, నారింజ జాతులకు ఆ కాపలా అసలు లేనట్టే. చల్లగా ఉన్నంతసేపు ఎదుగుదల ఆపుతాయి, వెచ్చబడగానే చిగురిస్తాయి. ఫ్లోరిడాలో 1894 డిసెంబరు చివర్లో పెద్ద చలి వచ్చింది. నారింజ తోటల్లో కాయలు పోయాయి, ఆకులు రాలాయి. చెట్లు చాలావరకు బతికాయి. జనవరి వెచ్చగా గడిచింది. చెట్లు చిగురించాయి, తోటలవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. 1895 ఫిబ్రవరి 7న మళ్లీ చలి. మొదటి దానికన్నా పెద్దదేం కాదు, ఇంచుమించు అంతే. కానీ ఈసారి బెరడు చీలి చెట్లు నేలమట్టానికి చచ్చిపోయాయి. ఒకే చలికాలం, ఇంచుమించు ఒకే చలి. మొదటిసారి చెట్టు నిద్రలో ఉంది, రెండోసారి మేలుకుని ఉంది.

1956లో దక్షిణ ఫ్రాన్సులో ఆలివ్‌లకు అదే జరిగింది. జనవరి మెత్తగా గడిచి ఫిబ్రవరి మొదట్లో ఒక్కసారిగా గడ్డకట్టింది. లక్షల చెట్లు పైన ఎండిపోయాయి. వేళ్లు మాత్రం నేలలో బతికాయి. ఈరోజు అక్కడి ప్రొవాన్స్ ప్రాంతంలో పాత మొద్దు చుట్టూ మూడు నాలుగు కాండాలతో నిలబడ్డ ఆలివ్‌లు కనిపిస్తాయి కదా, వాటిలో చాలావరకు అప్పటి చలి తర్వాత మళ్లీ లేచినవే. 2007లో అమెరికా తూర్పు భాగంలో మార్చి విపరీతంగా వెచ్చగా ఉండి ఏప్రిల్ మొదటి వారంలో చలి వచ్చింది. తోటలే కాదు, అడవుల్లో లేత ఆకులు కూడా మాడిపోయాయి.

ఇక నాకు అన్నిటికన్నా విడ్డూరంగా తోచే కథ అలాస్కాది. ఎల్లో సీడర్ అనే చెట్టు, వందల ఏళ్లు బతుకుతుంది. ఆగ్నేయ అలాస్కాలో 2 లక్షల హెక్టార్లకు పైగా అడవిలో ఈ చెట్లు చచ్చిపోయాయి. దీని చెక్క తొందరగా కుళ్లదు కాబట్టి చచ్చినవి దశాబ్దాల తరబడి నిలబడే ఉంటాయి, చూస్తే గుబులేస్తుంది. ఏ తెగులని చాలాకాలం వెతికారు. తెగులు లేదు, పురుగు లేదు. చివరికి తేలింది ఏమిటి? వేళ్లు గడ్డకట్టాయి. వాతావరణం వేడెక్కుతుంటే వేళ్లు గడ్డకట్టడమేమిటి? ఆలోచించండి. వేళ్లకు కొమ్మలంత ఓర్పు ఎప్పుడూ ఉండదు, ఈ చెట్టు సన్న వేళ్లు మైనస్ 5కే పోతాయి. బురద నేలల్లో ఉంటుంది కాబట్టి వేళ్లు పైపైనే పాకుతాయి. ఇన్నాళ్లూ వాటి మీద వసంతం దాకా మంచు మందంగా పేరుకుని ఉండేది. ఆ మంచు కింద నేల సున్నా కన్నా పెద్దగా దిగదు. వేడెక్కాక మంచు బదులు వాన పడుతోంది. నేల బోసిపోయింది. వసంతంలో ఒక్క చలిగాలి వస్తే చాలు. మంచు తగ్గినందువల్ల చలికి చచ్చిన చెట్టు ఇది. "భూమి వేడెక్కితే చెట్లకు చలి బాధ తప్పుతుంది" అని ఎవరైనా అంటే దీని గురించి చెప్పండి.

ప్రశ్నలు తీసుకుందాం.

ఆ... అడుగుతున్నారు, కొండల పైన ఒక ఎత్తు దాటాక చెట్లు ఉండకపోవడానికి కారణం చలికాలమేనా అని. కాదండీ. అక్కడ చలికాలాన్ని తట్టుకునే చెట్లకు కొదవ లేదు. ఎదుగుదల కాలంలో సగటు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీల కన్నా తగ్గితే కొత్త కణాలు కట్టుకోవడం కుదరదు. అక్కడ వేసవి చాలక చెట్టు ఆగిపోతుంది.

ఇంకొకరు, మామిడి, కొబ్బరి లాంటి ఉష్ణమండలపు చెట్ల సంగతి. వీటికి శరత్కాలపు ఆ సన్నాహమే లేదు. కోకో లాంటి కొన్నింటికి గడ్డకట్టక్కర్లేదు, సున్నాకి చాలా పైనే, రోజుల తరబడి 10 డిగ్రీల లోపు ఉంటే కణత్వచం బిరుసెక్కి దెబ్బతింటుంది. కొబ్బరికి ఇంకో ఇబ్బంది. ఎదిగే మొగ్గ ఒక్కటే. అది పోతే పక్క నుంచి చిగిర్చే వీలు లేదు.

నీళ్లు చల్లి పూతను కాపాడతారు కదా, అదెలా అంటున్నారు. ఒక గ్రాము నీరు గడ్డకడుతూ 80 క్యాలరీల వేడి వదులుతుంది. ఆగకుండా తడుపుతూ ఉంటే పువ్వు సున్నా దగ్గరే నిలుస్తుంది. కానీ మధ్యలో ఆపితే చల్లకపోవడం కన్నా నష్టం. పొడిగాలి వీస్తుంటే కూడా వద్దు. ఆవిరయ్యే ప్రతి గ్రాము, గడ్డకట్టేటప్పుడు వచ్చిన దానికి ఏడు రెట్ల పైగా వేడి లాక్కుపోతుంది. మొదలుపెడితే తెల్లారి ఐసు కరగడం మొదలయ్యేదాకా కొనసాగించాలి. అన్ని నీళ్లు లేకపోతే ముట్టుకోకండి.

చివరి ప్రశ్న, చలికి మాడిన చెట్టును వెంటనే కొట్టేయాలా? వద్దు. కత్తిరింపు కూడా అప్పుడే వద్దు. ఏది చచ్చిందో మొదటి వారాల్లో తెలియదు. గోటితో బెరడు గీరి చూడండి, కింద పచ్చగా ఉంటే అక్కడ ప్రాణం ఉంది. గోధుమరంగు తిరిగితే ఇంకా కిందకి వచ్చి గీరండి. కొత్త చిగురు ఎక్కడి నుంచి వస్తుందో చూసి, దాని పైన ఎండినంత వరకు కోయండి. అంటుకట్టిన చెట్టైతే చిగురు అంటుకి పైన వచ్చిందా, కింద వచ్చిందా అని కూడా చూసుకోండి. కింద వస్తే అది మీరు కోరుకున్న రకం కాదు, అంటు కట్టడానికి వేళ్ల కోసం వాడిన వేరుమొక్క చిగురు.